ప్లాట్ల లెక్క మీ దగ్గరుంది, మనుషుల లెక్క ఏది?

తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖకు, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) అధికారులకు,

అబ్దుల్లాపూర్‌మెట్ మండలవాసి ఒకరు రాస్తున్న బహిరంగ లేఖ.



మా మండలంలోని తొర్రూరులో 117 ఎకరాల లేఅవుట్ ఉంది. మధ్యతరగతికి అందుబాటు ధరలో ఇళ్లు కట్టిస్తామంటూ 2007లో మొదలైన రాజీవ్ స్వగృహ పథకానిది ఆ భూమి. 2022 నుంచి దాన్ని ప్లాట్లుగా కోసి, ఆన్‌లైన్ వేలంలో గజాల లెక్కన అమ్ముతున్నారు. పలికిన ధర చూసి నగరానికి తూర్పున ఇళ్లకు గిరాకీ పెరిగిందనే నిర్ధారణకు వస్తున్నారు. రేపటి రోడ్లు, నీటి పైపులు, మాస్టర్ ప్లాన్ ఆ నిర్ధారణ మీదే నిలబడితే ఏమవుతుంది? వేలంలో ప్లాటు కొన్నవారిలో ఎందరు ఇల్లు కట్టుకుని కాపురం పెట్టారో ఏనాడైనా లెక్క తీశారా? కట్టిన ఇళ్లలో ఎన్నింట్లో పొయ్యి వెలుగుతోందో అడిగారా? అసలు ఈ రాత్రి ఈ మండలంలో ఎంతమంది నిద్రపోతున్నారో చెప్పగల కాగితం మీ కార్యాలయాల్లో ఒక్కటైనా ఉందా?

మా ప్రాంతానికి రెండు రకాల రాకడ ఉంది. మనుషులు వస్తున్నారు, డబ్బూ వస్తోంది. ఈ రెండూ ఒకే చోటి నుంచి రావడం లేదు, ఒకే పనికీ రావడం లేదు. పాలమూరు నుంచి, దేవరకొండ తండాల నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి, బీహార్, జార్ఖండ్‌ల నుంచి మనుషులు వస్తున్నారు. బండరావిర్యాల క్రషర్ల దగ్గర కంకర కొట్టేది, బాటసింగారం పండ్ల మార్కెట్‌లో పెట్టెలు మోసేది, కొత్త అపార్టుమెంట్లకు సెంట్రింగ్ కట్టేది, చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో మట్టి తొక్కేది వీళ్లే. వీళ్లకు కావలసింది ఒక గది, ఒక బాత్రూమ్, నెల కూలిలో ఇమిడే కిరాయి.

డబ్బు వచ్చే దారి వేరు. అది మాదాపూర్ నుంచి, డాలస్ నుంచి, దుబాయ్ నుంచి వస్తుంది. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది. అక్కడి భాషల్లో అంత వేగంగా పెరిగింది మరొకటి లేదు. అలా వెళ్లినవారు సంపాదనలో కొంత సొంతగడ్డ మీద పెట్టుకోవాలనుకోవడంలో తప్పు లేదు. అయితే విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు, ఇంటి స్థలం కొనవచ్చు. దాంతో వాళ్ల డబ్బు రావాలంటే చేను ముందు వెంచర్ కావాలి. జొన్న పండిన నేల, మామిడి కాసిన తోట రాళ్లు పాతిన ప్లాట్లు కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఔటర్ రింగు రోడ్డు, విజయవాడ హైవే, హయత్‌నగర్ దాకా వస్తుందంటున్న మెట్రో మిగతా కారణాలు.

ఈ గడ్డ మీద ఉండేవాళ్లు ఒకరు, దీన్ని కొనేవాళ్లు మరొకరు. కొనేవాళ్ల ఉనికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదవుతుంది, మీ ఖజానాకు ఫీజుగా చేరుతుంది. ఉండేవాళ్ల ఉనికి ఎక్కడ నమోదవుతోంది? మీ ప్రణాళికలకు మొదటివారి డబ్బు గిరాకీగా కనిపిస్తుంది, రెండోవారి అవసరం ఆక్రమణగానో, గుడిసెగానో, సమస్యగానో కనిపిస్తుంది. మీ చూపులోని ఈ తేడాను నేను అంగీకరించలేను.

నగరం ఎటు పెరుగుతుందో మీకు తెలియదని ఎవరూ అనరు. 2001 నుంచి 2011 మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా మూడు శాతం కూడా పెరగలేదు. అదే పదేళ్లలో ఉమ్మడి రంగారెడ్డి జిల్లా 35.75 లక్షల నుంచి 52.96 లక్షలకు, అంటే 48 శాతం పెరిగింది. పురుళ్లతో అంత పెరుగుదల రాదు, వలసతో వస్తుంది. నగరం నడిబొడ్డు నిండిపోయి, కొత్తగా వచ్చినవారంతా అంచుల్లో దిగారని 2011లోనే అంకెలు చెప్పాయి. ఆ తరువాత దేశంలో జనగణనే జరగలేదు. మీరు 2013లో నోటిఫై చేసిన 2031 ప్లాన్‌కూ పాత అంకెలే ఆధారం. ఇప్పుడు 2050 మాస్టర్ ప్లాన్ అంటున్నారు. పదిహేనేళ్ల కిందటి జనాభా కాగితాన్ని ముందు పెట్టుకుని పాతికేళ్ల తరువాతి నగరాన్ని గీస్తామంటే నమ్మమంటారా?

ప్లాట్లు అమ్ముడుపోతే ఇళ్ల కొరత దానంతటదే తీరుతుందన్న నమ్మకం మీ పత్రాల్లో అంతర్లీనంగా ఉంది. దేశ అనుభవం అందుకు విరుద్ధం. 2011 జనగణన నాటికి దేశంలోని పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. మరుసటి ఏడాది కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని, అందులో 95 శాతానికి పైగా పేదలు, అల్పాదాయ వర్గాలవారిదేనని తేల్చింది. తాళం వేసిన ఇల్లు, తలదాచుకోను చోటు లేని మనిషి ఒకే ఊళ్లో పక్కపక్కనే ఉంటాయని దీని అర్థం. మా మండలంలో తాళం వేయడానికి ఇల్లు కూడా లేదు, నాలుగు హద్దురాళ్లు, సర్కారు తుమ్మ ఉన్నాయి. ఆ పక్కనే పాత ఊళ్లో రేకుల గదికి కిరాయి ఏటేటా పెరుగుతోంది.

ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవాలనుకుంటే మీరు పెద్ద అధ్యయనాలు చేయించనక్కర్లేదు. గజం ధర ఆకాశంలో ఉన్నచోట, కొత్తగా స్థలం కొని చిన్న గదులు కట్టి కూలీలకు కిరాయికిచ్చేవాడు ఉండడు. లెక్క గిట్టదు. కనుక చిన్న గదులన్నీ పాత గ్రామకంఠంలోని పెరళ్లలోనే లేస్తాయి. ఒక ఇంటి వెనక వరసగా రేకుల గదులు, అన్నింటికీ కలిపి ఒక బాత్రూమ్, ఒక బోరు. వచ్చే జనం పెరుగుతారు, గదులు పెరగవు. “బీహారోళ్లు వచ్చి కిరాయిలు పెంచేశారు” అని ఊళ్లోవాళ్లు తిట్టుకుంటారు. ఆ మాట అనేవారి మీద నాకు కోపం లేదు, వాళ్ల పిల్లలూ కిరాయి ఇల్లు వెతుక్కుంటున్నారు. కానీ నిజం ఏమిటి? గదిలో ఉన్నవాడు కిరాయి పెంచలేదు. గది కట్టనివ్వని భూమి ధరే కిరాయి పెంచింది. ఆ భూమి ధరకు ప్రభుత్వ వేలమే కొలబద్ద అవుతోంది. ఊరివాళ్లకూ వలస కూలీలకూ మధ్య పగ పెట్టి, మీరు మాత్రం తప్పుకుంటే ఎలా?

జనం లెక్కలో లేకపోతే జరిగేది కిరాయిల పెరుగుదల ఒక్కటే కాదు. మిషన్ భగీరథలో గ్రామాలకు తలకు రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలకు 135 లీటర్లు, కార్పొరేషన్లకు 150 లీటర్లు అని ప్రమాణం పెట్టుకున్నారు. తల లెక్క తప్పయితే నీటి లెక్క ఎలా ఒప్పవుతుంది? 2026 మార్చి దాకా స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం నిధుల పంపకానికి ప్రధాన ఆధారం 2011 జనాభాయే. అప్పటి తరువాత వచ్చిన మనిషి పంచాయతీ మోరీలో నీళ్లు వదులుతాడు, చెత్త వేస్తాడు, పిల్లను అంగన్‌వాడీకి పంపాలనుకుంటాడు. కానీ అతని పేరు మీద పంచాయతీకి ఒక్క రూపాయి రాలేదు. పైగా 2025 చివర్లో ఔటర్ లోపలి మున్సిపాలిటీలను, వాటిలో మా పెద్ద అంబర్‌పేటను, తుర్కయంజాల్‌ను గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు. ఔటర్ అవతల ఉన్నవి ఊళ్లుగానే మిగిలాయి. లోపల పని చేసి, కిరాయి తక్కువని బయట పడుకునే మనిషి ఏ ఊరివాడు? ఎవరి నీళ్లు అడగాలి?

మీరే కట్టించిన బాటసింగారం లాజిస్టిక్స్ పార్కును చూడండి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఎత్తివేసి ఇక్కడికి తెచ్చారు. అంతకుముందు 2020 మేలో కోహెడలో వేసిన షెడ్లు గాలివానకు కూలిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వ్యాపారాన్ని తరలించడానికి ఉత్తర్వులు వచ్చాయి, లారీలకు జాగా దొరికింది. ఆ మార్కెట్‌ను నమ్ముకున్న హమాలీల కుటుంబాలు ఎక్కడుంటాయన్నది కనీసం ఒక సమావేశంలో ప్రశ్నగానైనా వచ్చిందా? మార్కెట్ తరలిస్తే మనుషులూ తరలుతారని ప్రణాళికా శాఖకు వేరే చెప్పాలా?

ఇళ్లు కట్టించడం ప్రభుత్వం పని కాదని ఈ నగర చరిత్రలో ఎవరూ అనుకోలేదు. 1908 మూసీ వరద తరువాత నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. ఇరుకు బస్తీలను తొలగించి, పేదలకు తక్కువ కిరాయి ఇళ్లు కట్టించింది. తరువాతి కాలంలో హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లిలో, మాకు దగ్గరి వనస్థలిపురంలో కాలనీలు కట్టింది. ఊళ్ల నుంచి వచ్చిన గుమాస్తాలు, టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు అక్కడే స్థిరపడి ఈ నగర పౌరులయ్యారు. ఇప్పుడు శాఖల్లో ఉద్యోగాలు చేస్తున్న మీలోనూ ఎందరో ఆ కాలనీల్లోనే పుట్టి పెరిగి ఉంటారు. వనస్థలిపురం నుంచి తొర్రూరు ఎంత దూరం? ఆ కొద్ది దూరంలో ప్రభుత్వం ఇల్లు కట్టించే చేతి నుంచి వేలం పాడించే గొంతుగా ఎప్పుడు మారింది?

ఇందిరమ్మ ఇళ్లు ఇస్తున్నాం కదా అంటారు. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టిన ఆ పథకం కింద నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఇంటికి 5 లక్షల రూపాయల సాయం. మంచిదే. కానీ తొలి విడతలో అది సొంత జాగా ఉన్నవారికే. గజం ధర వేలల్లో పలికే ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలో సొంత జాగా ఉన్న కూలీ ఎందరు? అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేస్తామని 2020లో పిలిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో వాళ్లకు రుసుంలో 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. మనిషి లేని ప్లాటుకు రాయితీ ఉంది. ప్లాటు లేని మనిషికి ఏముంది?

అలాంటి మనుషులు ఏం చేస్తారో కుంట్లూరులో చూశాం. భూదాన భూమిలో పార్టీ జెండా నీడన వందలాది గుడిసెలు లేచాయి. 2025లో మంటలు చెలరేగి, గ్యాస్ సిలిండర్లు పేలి, చాలా గుడిసెలు బూడిదయ్యాయి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి తొలి భూదానంగా 100 ఎకరాలు ఇచ్చిన పోచంపల్లి మాకు ఆమడ దూరంలో ఉంది. భూమిలేనివారికోసం దానమైన నేల చుట్టూ ఇన్ని దశాబ్దాల తరువాత కోర్టు కేసులు, గుడిసెలు, నిప్పు మిగలడం ఎవరి వైఫల్యం? ఈ మండలంలో భూమి విలువ ఎంత వేడెక్కిందో చెప్పడానికి ఇంకో తేదీ చాలు. 2019 నవంబరు 4న మా తహసీల్దారు భూవివాదం నేపథ్యంలో తన కార్యాలయంలోనే సజీవదహనమయ్యారు. ఇది మామూలు శివారు కాదు. ఇక్కడ తప్పుడు ప్రణాళికకు మనుషులు ప్రాణాలతో ధర చెల్లిస్తారు.

వలస కార్మికులకు వసతి కల్పించడం దయాధర్మం కాదు, చట్టం చెప్పిన బాధ్యత. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు తగిన నివాసం గుత్తేదారు బాధ్యతని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1979 నాటి చట్టం చెప్పింది. భవన నిర్మాణ కార్మికులకు పనిచోటుకు దగ్గరలో తాత్కాలిక నివాసం, వంటకూ స్నానానికీ వేరే చోటు, మరుగుదొడ్డి ఉండాలని అప్పటిదాకానే అమల్లో ఉన్న 1996 చట్టం చెప్పింది. నిర్మాణ వ్యయం మీద కార్మిక సంక్షేమానికి సెస్సు వసూలవుతూనే ఉంది. మీరు అనుమతి ఇచ్చే ప్రతి అపార్టుమెంటు ప్లాన్‌లో కార్ల పార్కింగ్ ఎన్ని అడుగులో చూస్తారు. దాన్ని కట్టేవాళ్లు ఆ రెండేళ్లు ఎక్కడ ఉంటారో చూపమని ఎన్నడైనా అడిగారా?

2020లో వాళ్లు ఒక్కసారి కనబడ్డారు. లాక్‌డౌన్ పడగానే రాష్ట్ర ప్రభుత్వం సుమారు 3.35 లక్షల మంది వలస కార్మికులున్నారని చెప్పి, తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మే 1న దేశంలో తొలి శ్రామిక్ రైలు బయలుదేరింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకు. ఆ జూలైలో కేంద్రం పట్టణాల్లో అందుబాటు కిరాయి గృహ సముదాయాల పథకాన్ని ఆమోదించింది. కిరాయి ఇల్లు కూడా గృహ విధానంలో భాగమేనని ఢిల్లీ ఆలస్యంగానైనా ఒప్పుకున్న సందర్భమది. ఆ పథకం పేరుతో అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో కూలీలకు కిరాయి గదులు ఎక్కడున్నాయో చూపగలరా?

“వాళ్లు ఇవాళ ఉంటారు, రేపు పోతారు, వాళ్లకు ఇళ్లెందుకు?” అన్న మాట అధికారుల నోట చాలాసార్లు వినబడుతుంది. మనిషి మారవచ్చు, గది అవసరం మారదు. ఒకరు పోతే ఇంకొకరు అదే పనిలోకి, అదే గదిలోకి వస్తారు. అందుకే వాళ్లకు కావలసింది పట్టా ఇల్లు కాదు, కిరాయి ఇల్లు. అదీ కాక, మన ఇంటి మగవాళ్లూ ఇలాగే పోయారు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయి లేబర్ క్యాంపుల్లో ఒక గదిలో పదిమంది పడుకుంటే మన పత్రికలు రాశాయి, మన నాయకులు ప్రశ్నించారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల పరిహారం ఇవ్వాలని మీ ప్రభుత్వమే 2024లో ఉత్తర్వు ఇచ్చింది. దుబాయ్‌ని ఏం అడిగామో దాన్ని బలంగీర్ బిడ్డకు మనం ఇవ్వలేమా? ఇవ్వకపోతే ఆ అడిగే హక్కు మనకు ఎక్కడిది?

లెక్కించడం కష్టమని మాత్రం అనకండి. 2016–17 కేంద్ర ఆర్థిక సర్వే రైలు ప్రయాణాల వివరాలతో రాష్ట్రాల మధ్య ఏటా సగటున 90 లక్షల మంది వలసపోతున్నారని అంచనా వేసింది. రాష్ట్ర ప్రభుత్వమే 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది, 2024 చివర్లో ఇంటింటి కుల సర్వే చేసి 3.54 కోట్ల మందిని నమోదు చేసింది. అడగాలనుకుంటే అడగగలరు. ఇక జనగణన విషయంలో ఒక చిక్కు ఉంది, మీరు ముందే గమనించాలి. ఇళ్ల జాబితాకు పెట్టిన కాలం 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు. వానలు మొదలయ్యేసరికి ఇటుక బట్టీలు మూతపడతాయి, ఆ గుడిసెలు ఖాళీ అవుతాయి. జనాభా లెక్కింపునకు నిర్దేశిత తేదీ 2027 మార్చి 1. అది బట్టీల సీజను, అందరూ ఇక్కడే ఉంటారు. లెక్కింపు రోజులన్నీ సొంతూరికి దూరంగా ఉన్న మనిషిని అతను కనబడిన చోటే రాసుకోవాలన్నది మన జనగణన పద్ధతి. ఎన్యూమరేటర్‌కు బట్టీ దారి, క్రషర్ షెడ్డు, సైటు దగ్గరి రేకుల వరస ముందే చూపకపోతే ఆ మనుషులు మరో పదేళ్లు లేనట్టే. ఆ దారులు చూపాల్సింది రెవెన్యూ, పురపాలక సిబ్బంది, అంటే మీ యంత్రాంగమే.

అందుకని మీ ముందు నాలుగు డిమాండ్లు పెడుతున్నాను.

మొదటిది, కొత్త జనాభా అంకెలు వచ్చేదాకా 2050 మాస్టర్ ప్లాన్‌లో తూర్పు శివార్ల నివాస ప్రాంతాలను ఖరారు చేయకండి. ఈలోగా కరెంటు మీటర్లు, రేషన్ పోర్టబిలిటీ వివరాలు, బడి హాజరు ఆధారంగా మండలవారీగా నివాసుల అంచనా తయారుచేసి తెలుగులో ప్రకటించండి.

రెండవది, తొర్రూరులో మిగిలిన ప్లాట్ల వేలం ఆపండి. ఆ భూమి ఏ పేరుతో తీసుకున్నారో ఆ పేరును నిలబెట్టండి. అక్కడ కిరాయి ఇళ్లు కట్టండి, హమాలీలకు, నిర్మాణ కూలీలకు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఇవ్వండి.

మూడవది, మార్కెట్, లాజిస్టిక్స్ పార్కు, పెద్ద నిర్మాణం దేనికి అనుమతి ఇచ్చినా అక్కడ పనిచేసేవారి వసతి ఎక్కడో కాగితం మీద చూపిన తరువాతే సంతకం పెట్టండి.

నాలుగవది, ఏళ్ల తరబడి కట్టకుండా ఉంచిన ప్లాట్ల మీద ఖాళీ స్థలాల పన్నును గట్టిగా వసూలు చేసి, ఆ డబ్బును అదే ఊరి నీటికీ మోరీలకూ వాడండి. ప్లాటు పెట్టుబడిగా ఉంచుకునే హక్కు యజమానికి ఉంది, దాని భారం పక్కనున్న కిరాయిదారు మీద పడేసే హక్కు మాత్రం లేదు.

ఇవన్నీ మీ అధికార పరిధిలోనివే. ఇందులో ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో ప్రజల ముందుకు వచ్చి చెప్పండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు స్వీకరించే సభను హైదరాబాద్‌లో ఏసీ హాలులో కాకుండా అబ్దుల్లాపూర్‌మెట్ చౌరస్తాలో, కూలీలకు సెలవుండే ఆదివారం నాడు, తెలుగులో, హిందీలో, ఒడియాలో పెట్టండి. మా మండల ప్రజలారా, ఆ రోజు మీరూ రండి. మీ పెరటి గదిలో ఉంటున్న కిరాయిదారును కూడా వెంట తీసుకురండి.

ఇట్లు,
అబ్దుల్లాపూర్‌మెట్ మండలవాసి